కార్నర్ బిట్టు

కంపెనీ పేరు రిజిస్టర్ల నుంచి కొట్టేసిన్రని తెలిసిన నాడు, కల్పన రెండోసారి కూడ పెట్టుకొని కడుపునిండ అన్నం తిన్నది.

తన పైసలు కూడ అందులనే మునిగినయి. అయినా తిన్నది.

ఎందుకంటే తోటికోడలు అశ్విని పైసలు కూడ మునిగినయి మరి!

సూర్యాపేట హైవే పక్కన ఆ కంపెనీ ఏసిన ప్లాట్ల వెంచర్ అది. ఏడేండ్ల కింద ఇద్దరూ ఒక్కనాడే పైసలు కట్టిన్రు. ప్లాట్లకు డ్రా తీసిన్రు. కల్పన డబ్బాల చెయ్యి పెట్టి, చేతికి దొరికిన చిట్టీ వదిలేసి ఇంకోటి తీసింది. లోపలి బిట్టు వచ్చింది. వెనకాలే అశ్విని తీస్తే కార్నర్ బిట్టు, అదీ తూర్పు ఫేసింగ్.

తను వదిలేసిన చిట్టీయే అదని కల్పన నమ్మకం. ఎవరెన్ని చెప్పినా వినది.

రిజిస్ట్రేషన్ కాకముందే కంపెనీ మూతపడ్డది. ఏటేటా పెట్టాల్సిన లెక్కలు పెట్టలేదని సర్కారు పేరే తీసేసింది. ఇగ కార్నర్ లేదు, లోపల లేదు. ఇద్దరూ సమానం. కల్పన పాణం హాయిగ ఉండె.

ఆ హాయిని లాయర్ సుమన్ చెడగొట్టిండు.

"సచ్చిన కంపెనీ సంతకం పెట్టది గదమ్మా. ముందు దాన్ని బతికియ్యాలె. పైసలు కట్టి ప్లాటు రానోళ్లు అప్పిచ్చినోళ్ల లెక్కనే. హైదరాబాద్ ట్రిబ్యునల్ల అడిగే హక్కు మీకుంటది. అది బతికిందంటే రికార్డుల్ల పేర్లున్నయి, ఇద్దరికీ రిజిస్ట్రేషన్ చెయ్యక తప్పది."

ఇద్దరికీనట!

అశ్విని రసీదు కోదాడ వరదల్ల నాని ముద్దయింది. అసలు రసీదు ఉన్నది కల్పన దగ్గరే. పిటిషన్ ఆమె పేరు మీదనే వెయ్యాలె.

"సంతకం పెట్టావా అక్కా?" అని అశ్విని కోదాడ నుంచి ఫోన్ చేసేది.

"పెడ్త తియ్, నడుం నొస్తున్నది" అనేది కల్పన.

గిట్లనే మూడు నెలలు నడిపింది. మిర్యాలగూడల తాముండే కిరాయి ఇంటాయన ఖాళీ చెయ్యమన్నా నడిపింది. ఆ మూల మీద అశ్విని ఇల్లు లేస్తదనుకుంటేనే ఒళ్లు మండిపోయేది.

"నీ కుళ్లుకు మనమే ఆగమైతున్నం" అని భర్త మహేశ్వర్ గట్టిగ తిట్టినంక, తనే అశ్వినికి ఫోన్ కొట్టింది.

"సంతకం పెడ్త. కార్నర్ నాకియ్యి. నాది నువ్వు తీస్కో."

"తీసుకో అక్కా." అశ్విని ఒక్క క్షణం కూడ ఆగలేదు. "ఇల్లు కట్టుకోటానికి జాగా ఉంటే చాలు నాకు. ఏ మూలైతే ఏంటి?"

ఏడాదికి ఆర్డర్ వచ్చింది. కంపెనీ బతికింది. డైరెక్టర్ తల వంచుకొని వచ్చి రెండు దస్తావేజుల మీద సంతకాలు పెట్టిండు.

ఆ దినమే అందరూ ప్లాట్ల కాడికి పోయిన్రు. అత్త గోపమ్మ కనబడ్డోళ్లకల్ల చెప్తనే ఉన్నది.

"మా చిన్న కోడలు అడగంగనే ఇచ్చేసింది. ఎంత మనసో నా బిడ్డది!"

కల్పన తన కార్నర్ బిట్టుల నిలబడి అంతా విన్నది. తనైతే సచ్చినా ఇచ్చేది గాదు. ఆ సంగతి తనకు తెలుసు గనకనే ఇంకింత మండింది.

లోపలి బిట్టుల అశ్విని చెప్పులిప్పి తిరుగుతున్నది. వంటిల్లు ఏడొస్తదో అడుగులేసి సూసుకుంటున్నది. నవ్వుతున్నది.

కల్పన మొగని చెయ్యి పట్టి గుంజింది.

"ఆ బిట్టు మనదానికన్న పెద్దగున్నదేమో. జర మళ్ల కొలువు."