శుద్ధగాలి ఫ్లాటు

శుద్ధగాలి అపార్ట్‌మెంటులో ఫ్లాటు వచ్చిందని ఫోన్‌లో కబురు చూడగానే సహస్ర పెనం మీద దోసెను మరిచిపోయి అట్లకాడతోనే గంతులేసింది. కొత్త కాపురం, పైగా మాస్కు లేకుండా నిద్రపోయే ఇల్లు! గాజువాకంతా అలాంటి దాని కోసమే కాచుకుని ఉంది.

“మనకెలా తగిలిందండీ? లాటరీయా?”

భర్త రిత్విక్ ఆమె చేతిలోని అట్లకాడ అందుకుని, మాడిన దోసెను తిప్పుతూ తలెత్తలేదు. “కాదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పుట్టుకతోనే ఉన్నవాళ్ళకి ముందు ఇస్తారు.”

ఆమె గంతులు ఆగిపోయాయి. ఈ రోజుల్లో పెళ్ళికి గ్రహాలు ఎవరూ చూడరు, జన్యుజాతకాలే కలవాలి. అతనిది మచ్చలేనిదని పెళ్ళిచూపుల్లో మామగారే చదివి వినిపించారు.

“మరి ఆ జాతకం?”

“ఆ ముప్పు నాన్న వైపు నుంచి నాకొచ్చింది, అన్నయ్యకి రాలేదు. పెళ్ళి పరీక్షకి వాడి ఉమ్మే పంపాం. ఫ్లాటుకి మాత్రం నా అసలు జాతకం పెట్టాను.”

“అంటే ఇంటిల్లిపాదికీ తెలుసు, నాకు తప్ప! ముప్పుంటే జబ్బున్నట్టేనా? ఏటా స్కానింగ్ చేయించుకుంటే సరిపోయేదిగా. అడిగుంటే ఒప్పుకునేదాన్నే.” అంతలోనే ఆమె గొంతు తగ్గింది. “ఈ ఏడు చేయించుకున్నారా?”

“లేదు. రిపోర్టు నీ ఫోన్‌కి కూడా వస్తుందని మానేశాను.”

నెల రోజులుగా ఆ గుండె మీదే తల పెట్టుకుని నిద్రపోయింది తను. సహస్ర పొయ్యి కట్టేసింది.

“రేపు పొద్దున్నే స్కానింగ్‌కి వెళ్తున్నాం. లోపలికి పిలిచేదాకా మీ చెయ్యి వదలను. అది అయ్యాక మాత్రం నేను మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను.”