గోడమీది కుర్రాడు

సునామీ వచ్చిపోయిన మరుసటేడు సంగతి. బెంజ్ సర్కిల్ దగ్గర మేడమీద షహనాజ్ ఫ్రెంచి క్లాసు నడిపేది. అక్కడ ఇంటరు పిల్లల వెనక బెంచీలో బట్టతల పెద్దమనిషి ఒకాయన ముడుచుకుని కూర్చునేవాడు. పేరడిగితే కాస్త ఆగి, కొండలయ్య అన్నాడు. పుస్తకానికి పేపరు అట్ట వేసుకుని, మెట్లెక్కేముందు దొంగలా అటూ ఇటూ చూసేవాడు.

"ఈ వయసులో ఫ్రెంచి ఎందుకండీ బాబాయ్‌గారూ?" అంది షహనాజ్ ఓ రోజు.

"పడవలిచ్చే ఫ్రెంచివాళ్ళు సోమవారం బందరొస్తున్నారమ్మా. పల్లెకారుల తరఫున నేనే మాట్లాడాలి. పైవాళ్ళు దుబాసీని కూడా వద్దన్నారు. నోరు పెగలకపోతే పడవలు వేరే జిల్లాకి పోతాయి."

"అయితే ఫ్రెంచిలో మీ పేరు చెప్పండి."

ఆయన గబగబా పుస్తకంలో పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు. పిల్లలు కిసుక్కుమన్నారు.

జాలిపడి ఆమె ఓ పాత ఫ్రెంచి పద్యం మొదటి పాదం అందించింది. అంతే. ఆయన కళ్ళు మూసుకుని ఆ పద్యం, దానిమీద విమర్శ, ఆ విమర్శమీద ఇంకో విమర్శ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేశాడు. కింద టీకొట్టులో ఎవరో రేడియో అనుకుని, కాస్త సౌండు పెంచమన్నారట.

షహనాజ్ నోరు తెరిచింది. "ఎక్కడ నేర్చుకున్నారు?"

"కుర్రతనంలో బట్టీ పట్టానమ్మా."

"మరి దానర్థం?"

"అది తెలీదమ్మా."

ఆమె గోడమీది ఫోటో చూపించింది. ఒత్తుజుట్టు, మెలితిప్పిన మీసం. "జానకిరామ్‌గారు. ఫ్రెంచి సాహిత్యం తీసుకుని ఐ.ఏ.ఎస్. కొట్టారు. మొన్నే మన మత్స్యశాఖకి పెద్ద అధికారిగా వచ్చారట. బట్టీ పడితే వస్తుందా అంత ఉద్యోగం? అయినా సోమవారం ఆయనొస్తారుగా, ఆయనే మాట్లాడేస్తారు. మీకెందుకు దిగులు?"

ఆయనకి తల కొట్టేసినట్టయింది. "ఆయన్ని నమ్ముకుంటే పల్లెలు మునిగినట్టేనమ్మా," అన్నాడు మెల్లగా.

"అంతటివాళ్ళని అలా అనకూడదు," అని మందలించి, ఫోటో మేకు నుంచి తీసి చేతిలో పెట్టింది. "ఇంట్లో పెట్టుకుని రోజూ చూడండి. కాస్త రోషమన్నా వస్తుంది."

చంకలో దాచుకుని ఇంటికి చేరాడు.

భార్య నాగమల్లేశ్వరి ఫోటో అందుకుని, కొంగుతో దుమ్ము తుడిచి, "జుట్టున్నప్పుడు భలే ఉండేవారండీ మీరు," అంది.