వెనకగాలి

ఆ రోజు పొద్దున మబ్బులు ఎవరో తరుముతున్నట్టు తూర్పుకి పరిగెడుతున్నాయి. విమానం వెళ్లాల్సిందీ తూర్పుకే. మెట్ల మీద నిలబడి ఆకాశం చూసిన స్టీవార్డు ఉసూరుమన్నాడు.

"వెనకగాలి, అన్నా! పదకొండు గంటల దారి పదికే తెగిపోతుంది," అంది తోటి ఎయిర్‌హోస్టెస్ సంబరంగా. "తొందరగా దిగి హాయిగా పడుకోవచ్చు. నువ్వేంటి, ఆముదం తాగినట్టు మొహం పెట్టావు?"

అతను నవ్వి లోపలికి నడిచాడు.

తొమ్మిది వేల కిలోమీటర్ల ఈ రూటంటే అందరూ తప్పించుకు తిరుగుతారు. వేసవి సెలవులొస్తే చాలు, అతను మాత్రం అడిగి మరీ వేయించుకుంటాడు. దిగాక ఏముంది గనక. గది తాళం తనే తీసుకోవాలి, తనే వండుకోవాలి, టీవీతో తనే మాట్లాడాలి.

చివరి వరుసలో, మెడలో కార్డు వేసుకుని ఒంటరిగా వెళ్లే ఏడేళ్ల పాప ఉంది. ఏటా సెలవులకి అమ్మమ్మ దగ్గరికి వెళ్తుంది. తిరిగి తీసుకురావడానికి వాళ్లమ్మ వెళ్తుంది. పోయేటప్పుడు దారంతా చూసుకునేది ఇతనే. దిగాక అమ్మమ్మకి అప్పగించే పని మాత్రం తోటి అమ్మాయికి వదిలేస్తాడు.

"అంకుల్, నాకిప్పుడు చదవడం వచ్చేసింది తెలుసా!"

కంటికి కనిపించినవన్నీ కూడబలుక్కుని చదివేసింది పాప. తర్వాత అతని చొక్కా మీద వేలు పెట్టింది. "ఇక్కడ పేరు బిళ్ళ ఉండాలిగా? పోయినేడు ఉంది."

"మర్చిపోయొచ్చానమ్మా."

"మతిమరుపు అంకుల్!"

ఇంతలో మైకులో కెప్టెన్ గొంతు. గంట ముందే దిగుతున్నామట. విమానమంతా చప్పట్లు. అతని చేతులు మాత్రం కదల్లేదు.

"అమ్మమ్మ ఊరు వచ్చేసిందా అంకుల్?"

"దగ్గరికొచ్చేసింది," అన్నాడు, తనదే తప్పన్నట్టు. "ఇంకో చుట్టు తిప్పమననా కెప్టెన్‌ని?"

"అమ్మో, అమ్మమ్మ తిడుతుంది."

చలేస్తోందంటే తన కోటు తెచ్చి కప్పాడు. పాప కునుకు తీసింది. ముందు వరుసలో ఎవరో బెల్లు నొక్కుతున్నా, కాసేపు అక్కడే నిలబడిపోయాడు.

దిగబోయే ముందు అందరికీ భోజనాలు పెట్టి, రూలు ఒప్పుకోకపోయినా, తన ట్రే తెచ్చుకుని పాప పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ తినడం మొదలుపెట్టారు. ఆ వాగుడుకాయ నోరు మెదపకపోవడమేంటో అతనికి అర్థం కాలేదు. పాప తన బన్నులో సగం తుంచి అతని ట్రేలో పెట్టింది. అతను తినేదాకా చూసింది.

అప్పుడు కోటు మడిచి అతని ఒళ్లో పెట్టి, చెవి దగ్గరికి వంగింది పాప. "నువ్వు మర్చిపోలేదు, బిళ్ళ జేబులోనే ఉంది, స్కూల్లో నాన్న పేరు రాయమంటే నేను రాసేదీ ఈ పేరే... అమ్మకి చెప్పనులే."