ముప్పై రోజుల తొట్టి

"నేరుగా పెద్ద తొట్టిలో వెయ్యొద్దమ్మా. దీనికేమన్నా జబ్బుంటే మీ పాత చేపలన్నిటికీ అంటుకుంటాది," అన్నాడు రంగస్వామి, నీళ్ళ సంచిలోని నారింజరంగు చేపను వెలుతురుకెత్తి చూపిస్తూ.

"మరేం చెయ్యాలన్నా?" అంది గౌసియా.

"చిన్న తొట్టి ఒకటి వేరుగా పెట్టాల. ముప్పై రోజులు దాంట్లో ఇదొక్కటే ఉండాల. రోజూ కనిపెట్టుకోనుండాల."

"ముప్పై రోజులూ మీకు ఫోన్ చేసి అడగొచ్చా?"

"ముప్పై రోజులనంగానే అందరూ ముఖం ముడుస్తారు. మీరు నవ్వుతాండారే!" అని అతనూ నవ్వాడు. "సాయంత్రం ఆరుకు చెయ్యండి. ఆ పొద్దుకు అంగట్లో ఎవరూ ఉండరు."

కర్నూల్లో సముద్రపు చేపలు అమ్మేది అతనొక్కడే. గౌసియా ఆ అంగడి మెట్లెక్కడం అదే మొదటిసారి. కాలేజీ నుంచి వస్తూ, ఆటో కోసం ఎండలో నిలబడితే, "లోపలికొచ్చి కూర్చోమ్మా" అని పిలిచాడు. అరగంట సేపు చేపల సంగతులు చెప్పాడు. ఇంట్లో పెద్ద తొట్టి ఉందా అని అడిగితే ఆమె తలూపింది. అంతసేపు తనతో ఎవరైనా మాట్లాడి ఎన్నాళ్ళయిందో ఆమెకు గుర్తు రాలేదు.

గౌసియా డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంటు. అక్క మహబూబ్ బీ, తనూ ఇద్దరే ఉండేవాళ్ళు. ఎనిమిది నెలల కింద అక్క పోయింది. అప్పటినుంచి సాయంత్రం తాళం తీస్తే, మళ్ళీ పొద్దున తాళం వేసేదాకా ఆమె గొంతు ఆమెకే వినపడదు. ఒకరోజు పాలాయన ఏదో అడిగితే జవాబు చెప్పబోయింది. మాట పెగల్లేదు. రెండుసార్లు దగ్గాల్సి వచ్చింది.

రంగస్వామి అరలోంచి స్పాంజి ఫిల్టరు తీశాడు. "దీన్ని పదిహేను రోజులు మీ పాత తొట్టిలో నానబెట్టాల. నీళ్ళను శుభ్రం చేసే మంచి క్రిములు దీంట్లో చేరతాయి. లేకుంటే నీళ్ళే విషమయితాయి."

సంచి అందుకోబోయిన గౌసియా చెయ్యి ఆగింది. "పాత తొట్టిలోనా..."

అతను ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. "పోనీలేమ్మా. నా తొట్టిలో నానింది ఉండాది. అదే తీస్కపోండి," అని, నీళ్ళు కారుతున్న స్పాంజిని కవరులో చుట్టిచ్చాడు.

అక్క మంచం ఉండే చోట బల్ల వేసి, దాని మీద చిన్న తొట్టి పెట్టింది గౌసియా. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని అతను చెప్పినట్టల్లా చేసింది. ఇసక వద్దన్నాడు. రాళ్ళు వద్దన్నాడు. దాక్కోవడానికి ఒక ప్లాస్టిక్ పైపు ముక్క చాలన్నాడు. క్యాను నీళ్ళలో సముద్రపు ఉప్పు కలిపి కొలిచింది. ల్యాబులో ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పనే. కళ్ళు మూసుకుని చెయ్యగలదు. అయినా ప్రతిదీ రెండుసార్లు అడిగింది.

"ఒక పక్క అద్దానికి పేపరు అంటించండి. కొత్త చోటు గదా, బెదురుతాది," అన్నాడతను, మూడోసారి అడిగినా విసుక్కోకుండా.

రోజూ ఆరుకు ఫోను. నీళ్ళ వేడి, ఉప్పు, చేప ఏం తినిందీ. ఐదు నిమిషాల మాట మెల్లగా అరగంటయింది. అతను నందికొట్కూరులో తన చిన్నతనం చెప్పేవాడు. అక్క చేసే నువ్వుల చట్నీ గురించి ఆమె చెప్పేది.

తొమ్మిదో రోజు చేప రెక్కల మీద ఉప్పు చల్లినట్టు తెల్లమచ్చలు కనబడ్డాయి.

"భయపడొద్దు. అందుకే గదా వేరుగా పెట్టింది," అన్నాడు రంగస్వామి. "రాగి మందు వెయ్యాల. కొలత తప్పితే చేప దక్కదు. నేనే వచ్చి వేస్తా. ఇల్లు యాడ?"

"వద్దన్నా!" తన గొంతులోని గాభరాకు ఆమే ఉలిక్కిపడింది. "ఇంట్లో... ఒక్కదాన్నే ఉంటా. ఇరుగుపొరుగు ఏమన్నా అనుకుంటారు."



"సరేమ్మా. అంగడికొచ్చి మందు తీస్కపోండి. ఫోన్లోనే చెప్తా," అన్నాడు. ఇంటికొస్తానని అతను మళ్ళీ అనలేదు.

మందు వేశాక చేప ఐదు రోజులు మేత ముట్టలేదు. గౌసియా కాలేజీకి సెలవు పెట్టి తొట్టి ముందే కూర్చుంది. తను వద్దన్నందుకే దీని ప్రాణం పోతుందేమోనని లోలోపల కుమిలిపోయింది. ఆరో రోజు పదకొండు గంటలకు అది పైపులోంచి బయటికొచ్చి నోరు తెరిచింది. సాయంత్రందాకా ఆగలేక అప్పుడే ఫోన్ చేసింది.

"తినిందన్నా! రెండు గింజలు తినింది!"

"అల్లా చల్లగా చూసినాడమ్మా," అని గట్టిగా నవ్వాడు రంగస్వామి. "నేనూ పొద్దున్నించి ఏం తినలే. ఇప్పుడు పోయి తింటా."

మచ్చలు ఒక్కొక్కటే పోయాయి. రోజులు కూడా అట్లే పోయాయి. ఇరవై ఎనిమిదో రోజు, ఇంకొక్క మచ్చ వస్తే బాగుండునని ఆమె మనసులో అనుకుంది. వెంటనే సిగ్గుపడి, అద్దం మీద వేలు పెట్టి, "తప్పయిపాయె, మాఫ్ చెయ్" అని చేపకు చెప్పుకుంది.

ముప్పయ్యో రోజు ఆరయింది. ఫోను చేతిలో పట్టుకుని కూర్చుంది గానీ నంబరు నొక్కలేదు. ఈరోజు మాట్లాడితే, రేపు అడగడానికి ఏముంటుంది?

ఆరుంబావుకు ఫోను మోగింది. అతనంతట అతను చెయ్యడం అదే మొదలు.

"ఏమ్మా, ఫోన్ రాలేదే? చేప బాగుండాదా?"

"బాగుండాదన్నా. ముప్పై రోజులయిపాయె."

"ఇంకో ముప్పై రోజులు దాంట్లోనే ఉండనీ. మీరు ఆరుకు చేస్తానే ఉండండి."

"ఎందుకన్నా? ఇంకా జబ్బేమన్నా ఉండాదా?"

"జబ్బేం లేదు."

"మరి... పెద్ద తొట్టిలో వెయ్యొద్దా?"

అంగట్లో తొట్ల మోటార్లు తిరుగుతున్న చప్పుడు ఒక్కటే ఆమెకు వినపడింది. తర్వాత రంగస్వామి మెల్లగా అన్నాడు.

"మీ ఇంట్లో పెద్ద తొట్టి లేదని నాకు మొదటిరోజే తెలుసమ్మా."