ట్యాంకు కాడ చెప్పులు

ధర్మా పానాతో ట్యాంకును మూడుసార్లు కొట్టాడు. లోపలి నుంచి జవాబు రాలేదు.

మళ్లీ కొట్టి చెవి ఆనించాడు. ఎండకు కాగిన ఇనుము చెవిని చురుక్కుమనిపించింది. అంతే.

మిర్యాలగూడ దాటాక రోడ్డు పక్కన తవుడు నూనె నిల్వ చేసే ట్యాంకులవి. ట్యాంకు ఖాళీ అయినప్పుడల్లా ఒకడు లోపలికి దిగి అడుగున పేరుకున్న మడ్డి ఎత్తాలి. ఆ ఘాటుకు మనిషి కూలబడితే మళ్లీ లేవడు. అందుకని ఇంకొకడు బయట నిలబడి కాసేపటికోసారి మూడు దెబ్బలు కొట్టాలి. లోపలివాడు తిరిగి మూడు కొడితే బతికున్నట్టు. దిగేవాడు చెప్పులు మూత దగ్గరే విడవాలి. లోపల ఎవరున్నదీ ఆ చెప్పులే చెబుతాయి.

ఇవాళ దిగింది దేవ్‌సింగ్, ధర్మా అక్క మొగుడు. బయట కాపలా ధర్మాది. ధర్మా అన్న మంగ్త్యాకు బాయిలర్ దగ్గర పని.

గేటు ఎదుటి హోటల్లో టీవీ మీద మ్యాచ్ వస్తోంది. రెండు ఓవర్లు చూసి వద్దామనుకున్నాడు. సూపర్‌వైజర్ అటుగా వచ్చినా, మనిషి ఈ చుట్టుపక్కలే ఉన్నాడనుకోవాలని చెప్పులు మూత దగ్గరే వదిలి వట్టి కాళ్లతో ఉరికాడు. రెండు ఓవర్లు ఎనిమిదయ్యాయి.

ఇప్పుడు మూత దగ్గర రెండు జతలున్నాయి. తనది, పక్కనే ఇంకోటి. బావ బయటికి రాలేదన్నమాట.

“బావా! ఓ బావా!” మూత తీసి ఉన్న కంతలో తల పెట్టి అరిచాడు. లోపలి చీకట్లోంచి అతని గొంతే తిరిగొచ్చింది. అక్కకేం చెప్పాలి? నీ మొగుడు లోపలుంటే నేను మ్యాచ్ సూడవోయిన అని చెప్పాలా?

“ఎవర్ని పిలుస్తున్నవ్‌రా గంతగనం?”

వెనక దేవ్‌సింగ్. జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి.

ధర్మా అతని కాళ్ల మీద పడ్డాడు. “తప్పయింది బావా. మ్యాచ్ సూడవోయిన. నువ్వు సచ్చినవే అనుకున్న.”

“గంత జల్దిగ సస్తనారా? తల తిరుగుతుంటే లోపల్నుంచి కొట్టిన, నువ్వు పలకలే. ఎట్లనో బయటపడి నల్లా కాడికి వోయిన. గీ ఏడుపు బంద్ జెయ్యి. గెల్చినమా లేదా, అది చెప్పు.”

ధర్మా ఏడుస్తూనే నవ్వాడు. “అక్కకు చెప్పకు బావా.”

“చెప్పను తియ్. మీ అన్నకైతే చెప్త. బాయిలర్ కాడ్నించి నల్లా కాడికొచ్చిండు మంగ్త్యా, ధర్మా ఏడి అనుకుంట. నాకేం ఎరుక, ట్యాంకు కాడ వాని చెప్పులైతే ఉన్నయ్ అన్న. గంతే, ఇటే ఉరికిండు. కలువలేదా?”

ధర్మా చేతులు ఇంకా బావ కాళ్ల మీదే ఉన్నాయి. ఆ కాళ్లకు చెప్పులున్నాయి.

మెల్లగా మూత వైపు తల తిప్పాడు. తన చెప్పుల పక్కనున్న జతలో ఒకదాని తెగిన పట్టీకి ఎర్ర వైరు చుట్టి ఉంది.

పొద్దున తండాలో బయల్దేరేటప్పుడు, అన్న చెప్పుకు ఆ వైరు చుట్టిచ్చింది తనే.