ఒడిలో పోసిన కోవా

“ఆ కోవా తినొద్దు యమునా! తిన్నోళ్లు ఆస్పత్రిలో ఉండారంట,” అంటూ నవనీత పరుగున తిరిగొచ్చింది. పుంగనూరు వీధిలో హెల్త్ జీపు మైకు అదే చెబుతోంది, నవనీత కోవా కొన్న అంగడి పేరు చెప్పి, అక్కడి సరుకు ఉంటే వాపసు ఇవ్వమని.

ఇందాక సీమంతంలో ఆ కోవాను యమున ఒడిలో పోసింది నవనీతే.

యమున అత్త రత్నమ్మ కోడలికి అడ్డం నిలబడింది. “ఒడిలో పోసింది వెనక్కి అడుగుతావా? కడుపులో బిడ్డకి ఏమన్నా అయితే?”

“తింటేనే అవుతాది పెద్దమ్మా!”

“నీకూ బిడ్డలుంటే తెలిసేది. నేను తియ్యనియ్యను.”

హెల్త్ ఉద్యోగి సంచితో గుమ్మం బయటే ఆగిపోయాడు. నవనీత యమున ఎదురుగా కూర్చుని తన కొంగు పట్టింది.

“వెనక్కి ఇయ్యొద్దులే. పెళ్లయి శానా ఏండ్లయింది, ఆ కోవాతో నా ఒడీ నింపండి.”

రత్నమ్మ గొంతు మెత్తబడింది. “తల్లీ, వచ్చే ఏడు నీ సీమంతం నేనే సేస్తా,” అంటూ ఆమెకు బొట్టు పెట్టింది. యమున కోవా అంతా ఆ కొంగులో పోసింది.

నవనీత గుమ్మం దాటింది. ఉద్యోగి సంచి తెరిచి పట్టాడు.

“వెయ్యమ్మా.”

అది ఉపాయమేనని ఆమెకు తెలుసు. అయినా తన ఒడి నిండడం అదే మొదటిసారి. కొంగు పట్టుకున్న వేళ్లు విడలేదు.