పారకం తగ్గిన కాలువ

జగన్మోహనరావు గారు టీ గ్లాసు కాలువగట్టుకు పంపించారు.

సత్తిబాబు అది చూశాడు.

పెడనలో ఆయన అద్దకం షెడ్డులో సత్తిబాబు ఇరవై రెండేళ్ళుగా పని చేస్తున్నాడు. అచ్చు పట్టి గుడ్డ మీద కొడితే రెండు పువ్వుల మధ్య అతుకు కనబడదు. అలాంటివాడు టీ బయట కొట్లోనే తాగాలి. గట్టు మీద బట్టలుతికే ముసలాయనకు మాత్రం ఇంట్లో కాచింది వెళ్తుంది.

ముసలాయన పేరు కృపావరం. దసరాకి వచ్చాడు. ఊరు బందరు అన్నాడు. అంతకు మించి ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు.

షెడ్డుకు మేస్త్రీ లేక ఏడాదైంది. పాతాయన కళ్ళు మసకబారి మానేశాడు. ఏ బట్ట ఎంతసేపు ఉడకాలి, ఏది ఎప్పుడు కాలువకు వెళ్ళాలి అని తేల్చి చెప్పేది మేస్త్రీ.

ఆ చోటు తనదేనని సత్తిబాబు అనుకున్నాడు. ఇంట్లో చెప్పాడు. భార్య నాగమల్లేశ్వరి వీధంతా చెప్పింది.

సత్తిబాబు పనిలో వంక లేదు. తేల్చి చెప్పడమే చేతకాదు. రంగు బాగా వస్తే తన చలవ అనేవాడు. తేడా వస్తే మాత్రం, ఎల్లమ్మ కూడా బానే ఉందంది కదండీ అనేవాడు. ఎల్లమ్మ పక్క బల్ల మీద అచ్చులు కొట్టే మనిషి. ఆమె నవ్వి ఊరుకునేది.

ముసలాయన వచ్చాక యజమాని ప్రతిదానికీ గట్టు మీదకు వెళ్ళడం మొదలుపెట్టారు. ఇద్దరూ నిలబడి మాట్లాడుకునేవాళ్ళు. సత్తిబాబుకు మాటలు వినబడేవి కావు. చేతిలో అచ్చు వంకర పడేది.

ఆ తరవాత ముసలాయన తడి కాళ్ళతోనే షెడ్డులోకి వచ్చి సత్తిబాబును అడిగేవాడు. ఈ రంగు చాలంటారా, ఇంకాసేపు ఉంచమంటారా అని. ఏం చెప్పినా ఒకటే మాట.

"సత్తిబాబు గారేమంటే అదేనండీ."

సత్తిబాబుకు అది వెక్కిరింపులా తగిలేది. ఎల్లమ్మ నవ్వినా తనను చూసే నవ్విందనుకునేవాడు. ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని కూడా అదే గొడవ.

"ఉతికేవాడి మీద కుళ్ళేంటయ్యా నీకు?" అంది నాగమల్లేశ్వరి.

ఆ పూట కంచం సగంలో వదిలేశాడు.

ఏప్రిల్ వచ్చింది. రెండు రోజుల్లో కాలువలకు నీళ్ళు కట్టేస్తారన్నారు. అరవై దుప్పట్లు పటిక అద్ది ఉన్నాయి. యజమాని పని మీద బెజవాడ వెళ్తూ, అవి చూసుకోమని ఇద్దరికీ చెప్పి వెళ్ళారు.

పటిక అద్దిన బట్టను పారే నీళ్ళలోనే ఉతకాలి. ఎక్కువైన పటిక నీళ్ళతో కొట్టుకుపోవాలి. నీళ్ళు నిలబడితే అది మళ్ళీ బట్టకే అంటుకుంటుంది. ఎర్రరంగులో ఉడకేశాక తెల్లగా ఉండాల్సిన చోట కూడా ఎరుపు ఎక్కుతుంది. పెడనలో పిల్లలకు కూడా తెలిసిన సంగతి.

పొద్దున్నే సత్తిబాబు గట్టు మీదకు వెళ్ళి చూశాడు. నీళ్ళు బద్ధకంగా ఉన్నాయి. బండి కట్టించి పెద్ద కాలువకు తీసుకెళ్ళాలి అనుకున్నాడు.

ఆ మాట నోట్లో ఉండగానే ముసలాయన అన్నాడు.

"ఆకు వేసి చూశానండీ, కదల్లేదు. బండి కట్టిద్దామా? పెద్ద కాలవలో ఇంకా పారకం ఉంది."

ముందు ఆయన అనకపోతే సత్తిబాబు ఆ మాటే అనేవాడు. ఇప్పుడంటే ముసలాయన మాట విన్నట్టవుతుంది. యజమాని వచ్చాక ఆ పేరూ ఆయనకే పోతుంది.

"అక్కర్లేదు. ఇక్కడే ఉతకండి."

"ఒక్కటి ఉతికి, ఉడకేసి చూద్దామండీ."

"అరవయ్యీ ఉతకండి."

ముసలాయన కాసేపు నీళ్ళ వంక చూశాడు.

"మీ మాటేనా అండీ?"

"నా మాటే."

ముసలాయన దిగాడు. ఒక్కో దుప్పటినీ రెండింతలసేపు జాడించాడు. అయినా నీళ్ళు నీళ్ళే.

మర్నాడు రాగి కాగులోంచి తీసి ఆరేస్తే అరవై దుప్పట్లలో ఒక్కదానికీ తెలుపు లేదు. తమలపాకు నమిలి ఉమ్మినట్టు ఎరుపు పాకింది.

సాయంత్రం యజమాని వచ్చారు. తీగ మీది దుప్పట్లు ఒక్కొక్కటీ తిప్పి చూశారు. తరవాత, ఈ నీళ్ళలో ఉతకమన్నదెవరు అని అడిగారు.

ఎల్లమ్మకు తెలీదు. ఆ పొద్దున గట్టు మీద ఉన్నది ఇద్దరే.

ముసలాయన సత్తిబాబు వంక చూశాడు. కోపంగా కాదు. పిల్లాడు పాఠం అప్పజెబుతాడేమోనని చూసే పంతులు లాగా.

"కాలవ పని ఆయనది కదండీ," అన్నాడు సత్తిబాబు.

ముసలాయన ఇంకొంచెం ఆగాడు.

"నీళ్ళలో దిగింది నేనేనండీ. దిగకుండా ఉండాల్సింది."

యజమాని ముఖం పక్కకు తిప్పుకున్నారు. మీరే ఇలా చేస్తే ఎలాగండీ అని మాత్రం అన్నారు. ముసలాయన చేతులు తుడుచుకుని, సంచీ తీసుకుని, తను ఇక ఉండటం బాగోదన్నాడు. యజమాని ఉండమనలేదు. బందరు బస్సు దాకా నడిచి వెళ్ళి, ఆయన్ని ఎక్కించి వచ్చారు.

ఉతికేవాడికి ఆ మర్యాద కూడానా అని సత్తిబాబు కడుపు మండింది. ఆ తరవాత, పీడ పోయిందిలే అనుకున్నాడు.

తిరిగి రాగానే యజమాని అతన్ని పిలిచారు.

"రేపట్నుంచి మేస్త్రీ పని నువ్వు చూసుకో."

సత్తిబాబు గుండె పొంగింది. నాగమల్లేశ్వరికి ఈ మాట ఎలా చెప్పాలో కూడా అప్పుడే అనుకున్నాడు. వినయంగా చేతులు కట్టుకుని, మరి కాలువకు ఎవరిని పెట్టమంటారని అడిగాడు.

"ఎవర్నైనా పెట్టుకో. నాకు పోయింది కాలవ మనిషి కాదు."

సత్తిబాబుకు అర్థం కాలేదు.

జగన్మోహనరావు గారు తీగ మీద ఆరుతున్న దుప్పట్ల వైపు చూస్తూ చెప్పారు.

"కృపావరం గారిని బతిమాలి తీసుకొచ్చింది మేస్త్రీగానే సత్తిబాబూ. వచ్చిన రోజు నీ అద్దకం చూసి, 'ఈయనుండగా ఆ చోట నేను కూర్చోకూడదు, నాలుగు మాటలు తేల్చి చెప్పడం ఈయనకు అలవాటయ్యేదాకా ఈయన చేతికింద పని చేస్తాను, ఎవరికీ చెప్పకండి' అని పంచె ఎగ్గట్టుకుని కాలవలోకి దిగారు."